సందు చుక్కల లెక్క

“అక్కా, ఒకటి అడుగుతాను, నవ్వకూడదు” అంది ఆ పిల్ల. అలా అన్నాక నవ్వు ఆపుకోవడం ఎంత కష్టమో మీకు తెలియనిదా! పప్పుగుత్తి పక్కన పెట్టి వచ్చి ఎదురుగా కూర్చున్నాను.

పలమనేరు దగ్గరి పల్లె తనది. ఇంటర్‌లో బైపీసీ, ఆపైన బీఎస్సీ మైక్రోబయాలజీ. బెంగళూరు బొమ్మసంద్రలో ఒక ల్యాబులో ఉద్యోగం, ఉండేది మా నీలాద్రి రోడ్డులోని ఒక పీజీలో. 2025 ఆగస్టులో యెల్లో లైన్ మెట్రో వచ్చాక బస్సుల్లో పోయే టైము కొంచెం మిగిలిందట. ఆ మిగిలిన టైములో పైథాన్ నేర్చుకుంటోంది. బాగానే నేర్చుకుంటోంది కూడా. అయినా మొహం నిండా దిగులే.

“నాకు లెక్కలు రావక్కా. ఎంపీసీ చదవనివాళ్ళు సాఫ్ట్‌వేర్‌లో రెండేళ్ళు కూడా నిలవరని మా బావ అంటున్నాడు. రూమ్మేటేమో మ్యాథ్స్‌తో పనే లేదు, ఐదేళ్ళలో నేనొక్క సైన్ తీటా వాడలేదు అంటోంది. ఎవరి మాట వినమంటారు?”

ఇద్దరిదీ వినొద్దన్నాను. బావది భయపెట్టే మాట, రూమ్మేటుది జోకొట్టే మాట.

మా ఎలక్ట్రానిక్ సిటీలో ఈ ప్రశ్న వినపడని పీజీ ఉండదేమో. ఆర్.కె. బాళిగాగారి కలతో ప్రభుత్వ సంస్థ కియోనిక్స్ వాళ్ళు 1978లో 332 ఎకరాల్లో దీన్ని మొదలుపెట్టినప్పుడు ఇక్కడున్నవి కోనప్పన అగ్రహార, దొడ్డతోగూరు అనే రెండు పల్లెలు. ఇప్పుడు సాయంత్రం ఆరు దాటాక ఇక్కడి ఆంధ్రా మెస్సుల ముందు నిలబడితే చిత్తూరు యాస, నెల్లూరు యాస, కరీంనగర్ యాస అన్నీ వినిపిస్తాయి. వాళ్ళంతా ఎంపీసీ చదివి వచ్చినవాళ్ళే అనుకుంటే పొరపాటు.

“లెక్కలు రావని నీకెవరు చెప్పారు?” అని అడిగాను. ఎనిమిదో తరగతిలో బోర్డు దగ్గర పదిహేడో ఎక్కం తడబడిందట. సారు ఏదో అన్నాడు, క్లాసంతా నవ్వింది. అంతే! పదమూడేళ్ళప్పుడు పడిన ముద్ర ఇరవై నాలుగేళ్ళు వచ్చినా పోలేదు. బైపీసీలో చేరిన మన ఆడపిల్లల్ని కాస్త కదిపి చూడండి. జీవశాస్త్రం మీద ఇష్టంతో చేరినవాళ్ళ పక్కనే, లెక్కల నుంచి తప్పించుకోవడానికి చేరినవాళ్ళూ కనిపిస్తారు.

నోటి లెక్కే లెక్కయితే మన తెలుగునాట లక్కోజు సంజీవరాయశర్మగారిని మించినవాళ్ళెవరు? కడప జిల్లా ప్రొద్దుటూరు దగ్గర కల్లూరులో 1907లో పుట్టారాయన. పుట్టుకతోనే చూపు లేదు. అక్క బడి నుంచి వచ్చి పాఠాలు పైకి చదువుతుంటే విని మనసులో పెట్టుకున్నారు. (అక్కల గొప్పతనం గురించి ఇంతకన్నా నేను చెప్పుకోకూడదు.) వేల కొద్దీ గణితావధానాలు చేశారు. హైదరాబాదు సభలో ఒకరు రెండుని నూట మూడుసార్లు వేసి గుణిస్తే ఎంత అని అడిగితే, 32 అంకెల జవాబు చెప్పేశారు: 10141204801825835211973625643008.

అదే లెక్క ఆ పిల్ల ల్యాప్‌టాప్‌లోనే వేయించాను. ఒక్క వరుస కోడు. ఎంటర్ నొక్కిన వేలు ఎత్తేలోపు అవే 32 అంకెలు తెరమీద పడ్డాయి. శర్మగారికి చేతులెత్తి మొక్కాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ పని ఇవాళ మన చేతిలోని చవక ఫోను కూడా చేస్తుంది. పదిహేడో ఎక్కం తప్పినందుకు ఎవరూ మనల్ని ఉద్యోగం లోంచి తీసేయరు.

మరి ఏ లెక్క రాకపోతే తీసేస్తారు? అది తెలియాలంటే నా పరువు కొంచెం తీసుకోవాలి.

నేను ఎంపీసీ దాన్నే. ఇంటర్ లెక్కల టూ బీ పేపరులో 75కి 75. ఇంటెగ్రేషన్ ఇస్తే పెన్ను ఆపేదాన్ని కాదు. ఎంసెట్‌లో 160 ప్రశ్నల్లో 80 లెక్కలవే కదా, ఆ బలంతోనే సీటు తెచ్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది ఒక పని ఇచ్చారు. ఒక దుకాణాల సంస్థ దగ్గర లక్షమంది ఖాతాదారుల జాబితా ఉంది. వాళ్ళు కొత్తగా కొన్న ఇంకో సంస్థ దగ్గర మరో లక్ష. రెండిట్లోనూ ఉన్న మనుషులెవరో తేల్చాలి. ఓస్ ఇంతేనా అనుకున్నాను. మొదటి జాబితాలోంచి ఒక పేరు తీయి, రెండో జాబితా అంతా వెతుకు. మళ్ళీ ఇంకో పేరు తీయి, మళ్ళీ అంతా వెతుకు. ఐదేసి వందల పేర్లతో పరీక్షించాను. సెకనులో వచ్చేసింది. రాత్రి అసలు జాబితాల మీద నడిపించి, టీమంతటికీ మెయిల్ పెట్టి, ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నాను.

పొద్దున వచ్చి చూస్తే ఇంకా తిరుగుతూనే ఉంది. పది గంటలకి రిపోర్టు ఇవ్వాలి. కంప్యూటరు పాడైందన్నాను, నెట్‌వర్క్ బాలేదన్నాను. మా టీములో బీకామ్ చదివి వచ్చిన ఒక అక్క ఉండేది. కాఫీ కప్పు పట్టుకుని వచ్చి, నా కోడు చదవకుండానే, “ఎన్నిసార్లు పోలుస్తోందమ్మా ఇది?” అని అడిగింది. ఆ ప్రశ్న నాకు తట్టనేలేదు! ఐదువందలు ఇంటూ ఐదువందలు, రెండున్నర లక్షలు. నా నాసిరకం స్క్రిప్టు సెకనుకి రెండు లక్షల పోలికలు చేసేది, కాబట్టి పరీక్షలో సెకనులో అయిపోయింది. లక్ష ఇంటూ లక్ష అంటే వెయ్యి కోట్లు. సెకనుకి రెండు లక్షల చొప్పున యాభై వేల సెకన్లు. పద్నాలుగు గంటలు. జాబితా రెండువందల రెట్లు పెరిగితే పని నలభై వేల రెట్లు పెరిగింది.

“రెండో జాబితాని అక్షరక్రమంలో పెట్టు. నడిమధ్యలో తెరువు. నీక్కావలసిన పేరు ముందుందా వెనకుందా చూసి, అక్కర్లేని సగం అవతల పారేయి. మిగిలిన సగంలో మళ్ళీ నడిమధ్య తెరువు” అంది. అలా సగం సగం చేసుకుంటూ పోతే లక్ష పేర్లలో ఒక పేరు పట్టడానికి 17 చూపులు చాలు. లక్షమందికీ కలిపి పదిహేడు లక్షలు. వెయ్యి కోట్లెక్కడ, పదిహేడు లక్షలెక్కడ! అరనిమిషంలో రిపోర్టు చేతికొచ్చింది.

ఆ పదిహేడుకి ఇంకో పేరు లాగరిథమ్. కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో లాగ్ టేబుల్స్ అరిగిపోయేలా తిప్పినదాన్నే, కానీ లాగ్ అంటే ఏమిటని ఒక్కరోజూ అడగలేదు. మార్కులు నావి, లెక్క మాత్రం ఆ బీకామ్ అక్కది.

ఈ కథంతా చెప్పి, సగం చేసే సంగతి ఎలా అర్థం చేయించాలా అని కాగితం కోసం చూస్తుంటే, ఆ పిల్లే అందుకుంది. “అంటే అక్కా, బాక్టీరియా రెట్టింపయ్యేది వెనక్కి నడవడమే కదా! ఇ.కొలై ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఒక్కదానితో మొదలుపెడితే పదిహేడుసార్లకి లక్ష దాటిపోతుంది.”

లెక్కేసి చూశాను. 1,31,072. నిజమే, ఐదు గంటల నలభై నిమిషాల్లో.

“లెక్కలు రావన్నావు?”

“ఇది లెక్కలు కాదుగా, ల్యాబు పని.”

వింటున్నారా! మనకొచ్చిన దానికి వేరే పేరు పెట్టుకుంటాం. రానిదానికేమో లెక్కలని పేరు పెట్టుకుంటాం.

అంతకన్నా మంచి సాక్ష్యం మా గుమ్మం ముందే ఉంది. పొద్దున నేనేసిన ముగ్గు. పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వరకు. పత్రికల్లో సంక్రాంతి సంచికలకి ముగ్గులు పంపినవాళ్ళకి ఈ భాష తెలుసు. నడుమ వరుసలో 15, తర్వాత పైకీ కిందికీ ఒక్కో చుక్క తగ్గించుకుంటూ 14, 13, అలా 8 దాకా. ఆ ఒక్క వాక్యంతో దేశం అవతలి చెల్లెలు కూడా అదే ముగ్గు వేసేస్తుంది. ప్రోగ్రామంటే అంతకన్నా ఏముందమ్మా? ఎక్కడ మొదలు, ఒక్కో అడుగుకి ఏం మారుతుంది, ఎక్కడ ఆగాలి. లూప్ అంటారే, అదే ఇది. ఇంకో తమాషా ఏమిటంటే, “ఎనిమిది వరకు” అన్నప్పుడు ఎనిమిది చుక్కల వరుస వేయాలా, తొమ్మిదితోనే ఆపాలా? ముగ్గు వేసేవాళ్ళకి అనుమానం రాదు. కోడు రాసేవాళ్ళు మాత్రం ఈ ఒక్కటి దగ్గరే తెగ బోల్తా పడుతుంటారు. పెద్ద పెద్ద జీతాలవాళ్ళు కూడా.

“మొత్తం ఎన్ని చుక్కలో చెప్పు, లెక్కపెట్టకుండా” అన్నాను. గుమ్మంలో గొంతుక్కూర్చుంది. కాసేపు పెదాలు కదిలాయి. “14ని 8తో కలిపితే 22. 13, 9 కూడా 22. 12, 10 కూడా. 11 ఒక్కటే మిగిలింది. మూడు ఇరవైరెళ్ళు అరవైయారు, పదకొండు కలిపితే 77. పైనా కిందా రెండు సార్లు 154. నడుమ పదిహేను... 169!” తర్వాత అనుమానంతో వేలుపెట్టి లెక్కపెట్టుకుంది కూడా. ఆ అనుమానం ఉంది చూశారూ, ఈ వృత్తిలో అది బంగారం.

ముగ్గుల్ని నేనేదో అభిమానం కొద్దీ కంప్యూటర్ల దాకా లాక్కొచ్చానని అనుకోకండి. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమనీ, రాణి సిరోమనీ దంపతులు, కమలా కృతివాసన్‌తో కలిసి 1974లోనే తమిళుల ముగ్గు కోలం మీద కంప్యూటర్ సైన్స్ పత్రం రాశారు. వాక్యానికి వ్యాకరణం ఉన్నట్టే బొమ్మకీ వ్యాకరణం ఉంటుందని, కొద్దిపాటి నియమాలతో ఈ ముగ్గుల కుటుంబాలనే పుట్టించవచ్చని చూపించారు. ముగ్గురు రచయితల్లో ఇద్దరు ఆడవాళ్ళు. మా ఇంజనీరింగు కాలేజీలో ఆటోమాటా పాఠం చెప్పిన రోజు ఈ సంగతి ఒక్కరు చెప్పి ఉంటే, వెనక బెంచీలో నిద్రపోయిన మా అమ్మాయిలు లేచి కూర్చునేవాళ్ళు.

ఇక్కడిదాకా విని ఆ పిల్ల తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. “అయితే రూమ్మేటు చెప్పిందే నిజమన్నమాట. పెద్ద మ్యాథ్స్ అక్కర్లేదు.”

ఆగమన్నాను. ఆధార్ కార్డు తీయమన్నాను.

పన్నెండు అంకెలు. మొదటి పదకొండూ ఒక ఎత్తు, చివరిదొక ఎత్తు. ఆ చివరి అంకెను ముందున్న పదకొండింటి నుంచి లెక్కగట్టి పెడతారు. ఒక్క అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా లెక్క కుదరదు, వెంటనే తప్పని తెలిసిపోతుంది. ఈ పద్ధతి వెర్‌హూఫ్ అనే డచ్ గణితవేత్త 1969లో చెప్పింది. దాని వెనకున్నది ఏమిటో తెలుసా? అట్టముక్కని ఐదు మూలలూ, ఐదు అంచులూ సమానంగా ఉండేలా కత్తిరించండి. దాన్ని తిప్పీ, బోర్లించీ తిరిగి అదే చోట సరిగ్గా కూర్చోబెట్టడానికి పది దారులున్నాయి. పది దారులకి పది అంకెలు. తిప్పి బోర్లిస్తే ఒకలా వస్తుంది, బోర్లించి తిప్పితే ఇంకోలా వస్తుంది. ముందు ఆవాలు వేసి తర్వాత కరివేపాకు వేయడానికీ, కరివేపాకు వేసి ఆవాలు వేయడానికీ ఉన్న తేడా అన్నమాట. మామూలు కూడికలో మూడూ ఐదూ కలిపినా ఐదూ మూడూ కలిపినా ఎనిమిదే, అక్కడ తారుమారు దొరకదు. ఇక్కడ వరుస మారితే ఫలితం మారుతుంది కనుక దొంగ దొరికిపోతాడు. బీఎస్సీ మ్యాథ్స్‌వాళ్ళు గ్రూప్స్, రింగ్స్ అని బట్టీపట్టి, ఇవెందుకురా దేవుడా అని తిట్టుకుంటారే, అవే ఇవి. మన హ్యాండుబ్యాగులోనే కూర్చున్నాయి.

ఆధార్ నడిపే యూఐడీఏఐకి 2009లో మొదటి ఛైర్మన్‌గా వెళ్ళిన నందన్ నీలేకని, మా ఎదుటి ఇన్ఫోసిస్ స్థాపించినవాళ్ళలో ఒకరు. ఇక్కడి ట్రిపుల్ ఐటీ బెంగళూరులోనే 2018 నుంచి మోసిప్ అని ఇంకో గుర్తింపు వేదిక తయారవుతోంది. ఫిలిప్పీన్స్, మొరాకో లాంటి దేశాలు దాన్ని వాడుతున్నాయి. నేను రెండు లక్షల పేర్లకే బోల్తా పడ్డాను కదా. ఒక మనిషి రెండుసార్లు నమోదు కాకుండా దేశం మొత్తాన్ని జల్లెడ పట్టాలంటే ఏ స్థాయి లెక్క కావాలో ఊహించుకోండి. ఆ బల్ల దగ్గర కూర్చోవాలంటే మాత్రం గూగుల్ చేసుకుంటానంటే కుదరదు.

అందుకే ఎవరైనా “మ్యాథ్స్ కావాలా వద్దా” అని అడిగితే, ఏ గదిలో కూర్చుంటావు అని అడుగుతాను. వెబ్ పేజీలు, టెస్టింగు, డేటాబేసుతో నడిచే పనికి తర్కం, సెట్లు, ఎన్నిసార్లు అనే అంచనా గట్టిగా ఉంటే చాలా దూరం వెళ్తారు. ఎస్‌క్యూఎల్‌లో జాయిన్ అంటే మేం పదో తరగతిలో చదివిన సమితుల పాఠమే. గేములూ బొమ్మలూ చేయాలంటే రూమ్మేటు వెక్కిరించిన ఆ సైన్ తీటాయే కావాలి. రహస్య సంకేతాలకి ప్రధాన సంఖ్యలు. మెషీన్ లెర్నింగ్ అంటారా, మాత్రికలు, సంభావ్యత లేకుండా అందులో దిగడమంటే ఈత రాకుండా కృష్ణలో దిగడమే.

సంభావ్యత అన్నాక సి.ఆర్.రావుగారిని తలుచుకోకుండా ఎలా? 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో తెలుగింట పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి, కలకత్తా చేరారు. అక్కడ 1945లో రాసిన పత్రంలో, చేతిలో ఉన్న సమాచారంతో వేసే అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో దానికొక హద్దు తేల్చారు. అప్పటికి మన దేశంలో కంప్యూటరే లేదు. ఈనాడు డేటా సైన్స్ చదివే ప్రతివాళ్ళూ ఆ హద్దు దగ్గర ఆయన పేరు పలకాల్సిందే. 2023లో, నూటరెండేళ్ళ వయసులో స్టాటిస్టిక్స్ అంతర్జాతీయ బహుమతి అందుకుని ఆ ఆగస్టులోనే వెళ్ళిపోయారు. తన పుస్తకం ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ని అమ్మ లక్ష్మీకాంతమ్మగారికి అంకితమిచ్చారు. రోజూ తెల్లారుజామున నాలుగింటికి లేపి, నూనె దీపం వెలిగించి చదువుకి కూర్చోబెట్టిందట ఆవిడ. లెక్కల్లో అంతవాడి వెనకా పొద్దున్నే దీపం వెలిగించిన ఒక చెయ్యి ఉంది.

“ఇప్పుడు కోడు ఏఐయే రాసిస్తోంది కదక్కా, ఇంకా ఇవన్నీ ఎందుకు?” అని మీలో ఎవరో అడుగుతారని నాకు తెలుసు. రాసిస్తోంది, నేనూ రాయించుకుంటున్నాను. ఆనాడు నేను రాసిన పద్నాలుగు గంటల కోడు కూడా చూడ్డానికి ముచ్చటగానే ఉండేది, ఐదువందల పేర్లకి సరైన జవాబే ఇచ్చేది. పక్కన నిలబడి “ఎన్నిసార్లు?” అని అడిగే అక్క పని మాత్రం ఇప్పుడు మనకే మిగిలింది. ఇదివరకటి కంటే ఎక్కువే మిగిలింది.

ఆ పిల్లకి చివరికి ఏం చెప్పానంటే, ముందు నీ ల్యాబు లెక్కల్నే పైథాన్‌లోకి తెచ్చుకో. డైల్యూషన్లు, కాలనీ లెక్కలు, గ్రాఫులు. తెలుగు అకాడమీ ఇంటర్ లెక్కల పుస్తకాలు ఊళ్ళో ఎవరింటి అటక మీదైనా ఉంటాయి, తెప్పించుకో. పరీక్ష లేదు కనుక నెమ్మదిగా చదువు. పదో తరగతి సమితులు ఒకసారి తిరగేసి, ఇందులో ప్రస్తారాలు సంయోగాలు, సంభావ్యత, ఆ తర్వాత మాత్రికలు. కోనిక్స్ జోలికి ఇప్పుడే పోకు, అవి ఎక్కడికీ పారిపోవు. ఇక్కడి బయోటెక్ పార్కులో ఐబ్యాబ్ అనే సంస్థ జీవశాస్త్రాన్నీ కంప్యూటర్లనీ కలిపి నేర్పుతోంది, ఒకసారి వెళ్ళి కనుక్కో. బైపీసీ చదివినందుకు సిగ్గుపడాల్సిన ఊరు కాదిది. ఈ ఊరికి రెండూ కావాలి. ఇక బావగారికి కబురు పెట్టాలనుంటే, లెక్కల్లో 75కి 75 తెచ్చుకున్న ఒకావిడ పద్నాలుగు గంటల కోడు రాసిందని చెప్పు.

నవ్వింది. పప్పన్నం తిని, డబ్బాలో కాస్త రూమ్మేటుకి కూడా కట్టించుకుని వెళ్ళింది. గేటు దాటాక మళ్ళీ వెనక్కి తిరిగి, “అక్కా, రేపు ఏ ముగ్గేస్తారు?” అని అరిచింది.

రేపటిది మీక్కూడా చెబుతున్నాను చెల్లాయిలూ. ఇరవైయొక్క చుక్కలు, సందు చుక్క, పదకొండు వరకు. మొత్తం ఎన్ని చుక్కలో వేలు పెట్టకుండా లెక్కగట్టి, ఎలా కట్టారో కూడా రెండు వాక్యాల్లో రాసి నాకు ఉత్తరం వేయండి. బైపీసీవాళ్ళ ఉత్తరాలు ముందు చదువుతాను.